పిల్లల దంతవైద్యంలో ఔషధ భద్రత

బాలలకు, కౌమారులకు పంటి చికిత్సలో వాడే మందుల మోతాదును ప్రధానంగా శరీర బరువును బట్టి నిర్ణయించి, హాని కలగకుండా చూడటం ఔషధ భద్రత పరిధి. పారాసిటమాల్ ఒక్కో మోతాదు కిలో బరువుకు 10–15 మిల్లీగ్రాములు కాగా, పిల్లల సిరప్ 5 మిల్లీలీటర్లకు 125, 250 మిల్లీగ్రాముల రెండు గాఢతల్లో దొరుకుతున్నందువల్ల, సీసా చూడకుండా వంటింటి చెంచాతో పోయడమే అసలు ప్రమాదం. చికిత్సాస్థలాన్ని మొద్దుబార్చే లిడోకైన్ కిలోకు 4.4 మిల్లీగ్రాములు మించరాదు. స్పర్శ తిరిగి వచ్చేదాకా పిల్లలు పెదవి కొరుక్కోకుండా కనిపెట్టాలి. టెట్రాసైక్లిన్ ఎదిగే పళ్లకు శాశ్వతంగా రంగు పట్టిస్తుంది కనుక ఎనిమిదేళ్లలోపు సాధారణంగా వాడరు. పంటినొప్పికి నేరుగా దుకాణంలో మాత్ర కొనే అలవాటు తగనిది. ఉదాహరణకు, నొప్పి మందైన నిమెసులైడ్‌ను దేశమంతటా 12 ఏళ్లలోపు పిల్లలకు వాడటాన్ని కేంద్ర ప్రభుత్వం 2011లో నిషేధించింది.