అన్నసత్రము – ధాన్యపు బ్యాంకు

కల్లూరు మొదలు సత్తుపల్లి, అశ్వారావుపేటల మీదుగా భద్రాచలము వైపు సాగు బాటలో కొంతదూరము సాగరు ఎడమకాలువ క్రింది వరిచేలు కనబడును. ఆపైన అడవి మొదలగును. చేలవైపు ఇండ్లలో గాదెలుండును. అడవివైపు కోయగూడెములలోనో, ఆషాఢము వచ్చునప్పటికి గింజలు అడుగంటెడివి. ఇప్పపువ్వు, అడవిదుంపలు, మామిడిటెంకల పిండితో కాచిన అంబలి కొత్తపంట చేతికి వచ్చువరకు ప్రాణము నిలిపెడివి. ఇట్టి ఆకలి ఒక యేటి కరవు కాదు. ఏటేట వచ్చు కరవు.

అన్నదానమును మించిన దానము లేదని మనవారు తరతరములుగా చెప్పుకొనుచున్నారు. సత్రములు కట్టించిరి, మాన్యములిచ్చిరి. అట్లయ్యును కరవుకాలములలో లక్షలాది జనులు ఏల మడిసిరి? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటయే నేటి మా ప్రసంగవిషయము.

1832-33 సంవత్సరములలో గుంటూరు సీమను పీడించిన నందన కరవులో సుమారు రెండు లక్షలమంది చనిపోయిరని లెక్క. అప్పటి ఆ జిల్లా జనసంఖ్య అయిదు లక్షలు మాత్రమే. ఇచ్చువారు లేకపోలేదు, ఇచ్చువారి గాదెలును ఎండిపోయినవి. వాన తప్పినప్పుడు దాతయు యాచకుడును ఒకే ఆకాశము వంక చూడవలసినవారే గదా! దానమునకు గల మొదటి కొరత ఇది: దాని అవసరము ఎక్కువైన యేడే దాని శక్తి తగ్గును.

దీనికి ఎదురునిలిచిన మహనీయులు కొందరు కలరు. కర్నూలు సీమలో ఉయ్యాలవాడకు చెందిన బుడ్డా వెంగళరెడ్డి 1866 నాటి కరవులో తన గాదెలను తెరచి, గంజియు అన్నమును వండించి, వచ్చినవారిని కులమడుగక పోషించెను. విక్టోరియా రాణి పేర ఆయనకు బంగారు పతకము వచ్చెను. గోదావరి లంకలలో డొక్కా సీతమ్మగారు మరియొక తార్కాణము. 1841లో మండపేటలో జన్మించి, లంకల గన్నవరము కోడలై, 1909లో కన్నుమూయువరకు ఆమె వేళకాని వేళ వచ్చినవారికిని వండి వడ్డించెను. ఆమె పేరు నేటికిని మాసిపోలేదు. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్నభోజన పథకమునకు ఆమె పేరే పెట్టినది.

అయితే సీతమ్మగారి పొయ్యి ఆరకుండుటకు ఆమె గుండెతోపాటు గోదావరి నీరు కూడ కారణమని మనము గమనింపవలెను. కాటన్ దొర ధవళేశ్వరము ఆనకట్టను 1852లో పూర్తిచేసెను. గన్నవరము వద్ద వైనతేయ పాయపై అక్విడక్టును కట్టించిన ఇంజనీరు హేగ్. ఆ నీటితో లంకలు పండినవి. పండినచోట పెట్టు చేయి లేచినది. అదే హేగ్ తరువాత భద్రాచలము చేరువ దుమ్ముగూడెమున ఆనకట్ట పనులు చేయించెను. కాని అవి పడవల రాకపోకల కొరకు తలపెట్టినవి. 1871లో ఆ పనులు ఆగిపోయినవి. అడవి సరిహద్దున పంట పెరుగలేదు. సీతమ్మవంటి ఇల్లాలు పుట్టినను, వడ్డించుటకు గింజ ఉండవలెను గదా!

ఇక ప్రభుత్వము సంగతి. 1876-78 నాటి ధాత కరవులో దక్షిణాదిని యాభై లక్షలకు పైగా జనులు నశించిరని చరిత్రకారుల అంచనా. అప్పుడు సహాయపు పనులలో కూలివానికి రోజుకొక పౌను, అనగా అరకిలోకు తక్కువ ధాన్యమును, దానిపై కొద్దిపాటి కాసును చాలునని సర్ రిచర్డ్ టెంపుల్ నిర్ణయించెను. మద్రాసు ఆరోగ్యాధికారి కార్నిష్ ఆ తిండితో కష్టించు మనిషి బ్రదుకజాలడని గట్టిగా వాదించెను. ఖజానా నిండుగ ఉన్నను, ఎదుటివాని కడుపు కొలత తెలియనిచో ఫలితమిట్లుండును. దాతకు ఆకలిగొన్నవాని ముఖము తెలియును, నిలువ చాలదు. సర్కారుకు నిలువ కలదు, ముఖము తెలియదు.

ఈ రెండింటి నడుమ మూడవ మార్గము ధాన్యపు బ్యాంకు. పాత హైదరాబాదు రాజ్యములో 1940వ దశకముననే ఇట్టివి నెలకొల్పబడినవి. అప్పుడు పేదవాడు వానకాలమున గింజలను షావుకారు వద్ద నాగుకు తెచ్చుకొనెడివాడు. బస్తా తెచ్చిన, కోతలకు బస్తాన్నర కొలుచుట పలుచోట్ల వాడుక. ధాన్యపు బ్యాంకులో కొట్టు ఊరిది. కోతలనాడు అందరు కొలిచి పోయుదురు; గింజలు తీరిన నెలలలో కావలసినవారు తీసికొని, మరల పంటకు స్వల్పముగా కలిపి తిరిగి పోయుదురు. ఇందులో పెట్టువాడు, పుచ్చుకొనువాడు అను భేదము లేదు. అప్పు తీర్చినవాడు తల వంచుకొని నడువనక్కరలేదు.

కేంద్రప్రభుత్వము 1996-97లో గ్రామ ధాన్యపు బ్యాంకుల పథకమును గిరిజన ప్రాంతములకై ప్రారంభించెను. తరువాతి నిబంధనల ప్రకారము ముప్పది, నలుబది పేదకుటుంబములు ఒక బ్యాంకుగా ఏర్పడగా కుటుంబమునకొక క్వింటాలు లెక్కన తొలినిలువ సమకూర్చిరి. జహీరాబాదు ప్రాంతమున దళిత మహిళల సంఘములు ఇంకొక అడుగు ముందుకు వేసినవి. వారు పడావు భూములను దున్నించి, జొన్నలు పండించి, ఊరి కొట్టులో నిలువచేసి, తక్కువ ధరకు పేదలకు అమ్మిరి. ఎవరు నిరుపేదలో ఊరివారే నలుగురిలో కూర్చుండి తేల్చిరి.

1983లో కిలో రెండు రూపాయల బియ్యమును, 2013లో ఆహారభద్రతా చట్టమును వచ్చినవి. 2025 ఉగాది నాటినుండి తెలంగాణమున రేషను దుకాణములలో సన్నబియ్యము ఇచ్చుచున్నారు. ఆషాఢపు ఆకలి చాలవరకు తగ్గినదనుట నిజము. కాని రేషను కార్డు గలవానికే రేషను. 2005 తరువాత ఛత్తీసుగఢ్ అలజడులకు తాళలేక వలసవచ్చి ఈ అడవులలో గుడిసెలు వేసికొన్న గొత్తికోయలలో పలువురికి కాగితములు లేవు. 2020 లాక్‌డౌను దినములలో మూతపడిన బాటల వెంట బియ్యము, పప్పు మోసికొనిపోయి ఇట్టి గూడెములకు అందించినవారు స్వచ్ఛంద సేవకులే. చట్టము చేరనిచోటికి ఇరుగుపొరుగు చేరవలసియుండునని ఆ దినములు చాటినవి.

కనుక దానమా, చట్టమా అని తర్కించుట వృథా. కార్డు లేనివానికి కార్డు ఇప్పించుట మొదటి పని. అది వచ్చువరకు ఆకలి ఆగదు గనుక అన్నము పెట్టుట రెండవ పని. కాలువక్రింది మన రైతులు కోతలనాడు కళ్లములో కుంచమో, రెండు కుంచములో తీసి ఊరికొక ఉమ్మడి కొట్టున నిలువచేసినచో, అడవిఅంచు గూడెములవారితో కలిసి దానిని నడుపుకొనినచో, అది భిక్షము కాదు, ఇరుగుపొరుగుల లెక్క. ఆ కొట్టు తాళపుచెవి గూడెములోని ఒక ఇల్లాలి చేతనుండుట మేలని మా అభిప్రాయము. ఏ ఇంట పొయ్యి వెలుగలేదో ఆమెకు ముందుగా తెలియును.