పుదుచ్చేరి పత్రములలో తెనుగుసీమ

ఒక నగరము రాజధాని యగుటకు కోటలు, కొలువుకూటములు చాలవు. దూరప్రాంతములనుండి ఉత్తరములు వచ్చి అచ్చట చేరవలెను. ఆజ్ఞలు వ్రాయబడి అచ్చటినుండి వెడలవలెను. వచ్చినదియు పోయినదియు ఒకచోట లెక్క కెక్కవలెను. ఆ కాగితములు నిలిచినంత కాలము, రాజ్యము గతించినను రాజధాని పూర్తిగా గతింపదు. ఇందుకు పుదుచ్చేరి మంచి నిదర్శనము. ఆ నిదర్శనములో తెనుగువారి పాలు ఎంత గలదో చూపుటయే ఈ వ్యాసోద్దేశము.

1674లో ఫ్రాన్స్వా మార్టిన్ వచ్చి నిలిచిననాడు పుదుచ్చేరి యొక చిన్న రేవు మాత్రమే. 1693లో డచ్చివారు దానిని గైకొనిరి; 1697 నాటి రిస్విక్ సంధివలన అది మరల ఫ్రెంచివారికి దక్కెను. 1701 మొదలు భారతదేశమందలి ఫ్రెంచి స్థావరముల కన్నిటికిని అదియే ముఖ్యస్థానమయ్యెను. బందరు, యానాము, చంద్రనగరము, మాహే మున్నగు చోట్లనుండి లేఖలు ఇచ్చటి ఉన్నతమండలికి వచ్చుచుండెను; ఇచ్చటినుండి ఓడలమీద ఫ్రాన్సులోని కంపెనీ డైరెక్టర్లకు పోవుచుండెను. ఓడ మునిగినచో వార్తయు మునుగును గనుక, ఒకే ఉత్తరమునకు ప్రతులు వ్రాసి వేర్వేరు ఓడలలో పంపుచుండిరి. జవాబు చేతికి వచ్చుటకు ఏడాదికి పైగా పట్టుచుండెను.

ఈ కాలవిలంబము చరిత్ర నెంతగా మార్చినదో డూప్లే కథవలన తెలియును. 1753 చివర సలాబతుజంగు ముస్తఫానగరము, ఏలూరు, రాజమహేంద్రవరము, శ్రీకాకుళము అను నాలుగు సర్కారులను బుస్సీ సేనల జీతములకై ఫ్రెంచివారి కొసగెను. డూప్లేను మరలించుటకు పారిస్ నగరమున నిర్ణయము జరిగినదియు ఆ యేడే. ఆ నిర్ణయము చేసినవారికి సర్కారుల సంగతి తెలియు నవకాశమే లేదు. 1754 ఆగస్టులో గోడెహ్యూ పుదుచ్చేరిలో దిగి అధికారము చేకొనెను. సంపాదించినవాడు స్వదేశమునకు పోయెను. సంపాదితమైన సీమ మాత్రము మరి కొన్నియేండ్లు ఫ్రెంచివారి చేతిలో నుండెను. 1758 డిసెంబరులో చందుర్తి యుద్ధము, 1759 ఏప్రిలులో బందరు పతనము ఆ యధికారమును ముగించెను.

ఆ నడిమి యేండ్లలో మన సర్కారులకు దూరపు పుదుచ్చేరియే రాజధాని వంటిది. బొబ్బిలి యుద్ధము (1757 జనవరి 24) ఆ కాలమునదే. మన పాటలలోను నాటకములలోను బొబ్బిలి పౌరుషగాథ, అది సహజము. కాని బుస్సీ ఆ సీమకు వచ్చినది శిస్తు వసూలునకు. జీతము లందని సేన, బకాయిపడిన జమీందారులు, పరస్పరవైరముగల రెండు సంస్థానములు - ఇవి కూడిన చోట ఆ యగ్ని రగిలినది. పాట యందు వీరుని గుండె వినబడును; పత్రమునందు విపత్తునకు కారణము కనబడును. ఒకదానిని విడిచి రెండవదానిని పట్టుకొన్నవాడు సగమే చూచినవాడగును.

పత్రములకును కావ్యములకును గల యీ భేదము ఒక వ్యక్తివిషయమున మరింత స్పష్టము. ఆనందరంగ పిళ్ళ 1709లో జన్మించి, 1747లో పుదుచ్చేరి ముఖ్య దుబాసీ అయ్యెను. కంపెనీ పత్రములలో ఆయన యొక ఉద్యోగి: సరకు సమకూర్చువాడు, నవాబుల రాయబారములు నడపువాడు. కస్తూరి రంగకవి ఆయన కంకితముగా తెనుగున రచించిన లక్షణగ్రంథము పేరు ‘ఆనందరంగరాట్ఛందము’. ‘రాట్’ అనగా రాజు. ఫ్రెంచివారి సేవకుడు తెనుగు కవికి రాజయ్యెను! శ్రీనివాసకవి 1752లో సంస్కృతమున ‘ఆనందరంగవిజయచంపువు’ను రచించెను. తమిళనాట, ఫ్రెంచి పాలనలో, ఒక దుబాసీ తన కీర్తి నిలుపుకొనుటకు తెనుగు కవి నాదరించెననుట ఆనాడు మన భాషకు గల ప్రతిష్ఠకు తార్కాణము.

మూడవ చిత్రమును ఆయనయే వ్రాసికొనెను. 1736 సెప్టెంబరు మొదలు ఆయన తమిళమున వ్రాసిన దినచర్యలో సేవకుడును లేడు, రాజును లేడు. భయము, ఆశ, అసూయ, లెక్క, జాతకము అన్నియు గల మనుష్యుడున్నాడు. 1748లో బోస్కావెన్ చేసిన ముట్టడిని త్రిప్పికొట్టుట డూప్లేకు మహావిజయము. ఆ ముట్టడి నడుచుచుండగనే, సెప్టెంబరులో, నగరమందలి వేదపురీశ్వరాలయమును పడగొట్టిరి. దినచర్యలో ఆ దినముల వ్రాత వేదనతో నిండినది. విజయము నెరిగిన చరిత్రకారునికి ఆ వేదన తెలియనిచో నగరము సగము తెలియనట్లే.

1761 జనవరిలో, నగరము ఆంగ్లేయులకు లొంగుటకు కొలది దినములకు ముందు, పిళ్ళ మరణించెను. 16వ తేదీన లాలీ లొంగిపోయెను. తరువాత ఆంగ్లేయులు కోటను, నగరమును నేలమట్టము గావించిరి. 1763 నాటి సంధివలన ఫ్రెంచివారు మరల పొంది, 1765 మొదలు పునర్నిర్మించిన నగరమే నేడు మనము చూచునది. దినచర్యను 1846లో గల్వా-మోంబ్రన్ వెలికి తెచ్చెను. మదరాసు ప్రభుత్వము 1904-1928 నడుమ దాని ఆంగ్లానువాదమును 12 సంపుటములుగా ప్రకటించెను. రాతికోట పోయినది, తాటాకువలె నశింపదగిన కాగితము నిలిచినది.

తక్కిన పత్రములను వెలికి తెచ్చిన యశము గవర్నరు ఆల్ఫ్రెడ్ మార్టినోకు చెందవలెను. ఆయన 1911లో స్థాపించిన ఫ్రెంచి ఇండియా చరిత్రసంఘము ఉన్నతమండలి తీర్మానములను, కంపెనీతో నడచిన ఉత్తరప్రత్యుత్తరములను, 1666 మొదలు 1793 వరకు గవర్నరులకును దేశీయ ప్రభువులకును నడచిన లేఖలను ఒడంబడికలను అచ్చొత్తించెను. ఎడ్మండ్ గొదార్ వ్రాతప్రతులకు పట్టికలు కూర్చెను. 1954 నవంబరు 1న పాలన భారతదేశమునకు మారెను. పాతపత్రములలో చాలభాగము నేడు ఫ్రాన్సునందలి ఏక్సాన్ ప్రొవాన్స్ నగరమున నున్నది. కొంత పుదుచ్చేరిలోనే భారత జాతీయ అభిలేఖాగారపు శాఖయందున్నది.

ఇచ్చట తెనుగువారి యవసరము గలదు. మన ఊళ్ల పేర్లు ఫ్రెంచి లేఖకుల చేతిలో రూపు మారినవి: యానాము ‘యనాఓన్’ అయినది, బందరు ‘మజులిపటామ్’ అయినది, శ్రీకాకుళము ‘చికాకోల్’ అయినది. పెద్దపట్టణములను గుర్తింపవచ్చును; పల్లెలను, ఇంటిపేర్లను, శిస్తుమాటలను తెనుగు నెరిగినవాడుగాని పోల్చుకొనలేడు. ఫ్రెంచి చదివి తెనుగు నెరుగని పండితుడు ఆ చోట్ల తడబడును; తెనుగెరిగి ఫ్రెంచి చదువని మనము ఆ చోట్లకే చేరము.

పుదుచ్చేరి రంగపిళ్ళ వీథి నేటికిని ఆ దుబాసీ పేరు మోయుచున్నది. పాతకోట యెల్లలు దాటి ఇందిరా నగరు వంటి పేటలు వెలసినవి. వీని పేర్లు ఆనాటి పటములలో లేవు. యానాము నేడును ఈ రాజధాని పాలనలోనిదే. అచ్చట తెనుగు అధికారభాష. కావున ఈ పత్రముల సంబంధము గతించినది గాదు. సర్కారులకు సంబంధించిన లేఖలను కాలక్రమమున నేరి, దినచర్యలోని ఆయా తేదీలతో సరిచూచి, పేర్లను స్వరూపమునకు దెచ్చి తెనుగున నిలుపుట యొక్కరివలన నగు పనిగాదు. కాని ఒక్క బందరు లేఖలతో నారంభించినను, ఒక్క యేటి పత్రములను మాత్రమే తీసికొన్నను, బొబ్బిలినిగూర్చి వ్రాయబోవు రేపటి నాటకకర్తకు నేడు మనకు లేని వెలుగు దొరకును.