తల్లికుక్క నొప్పి లెక్కకెక్కిన వైనం

1885లో న్యూయార్క్ నరాల వైద్యుడు జేమ్స్ లియోనార్డ్ కార్నింగ్ ఒక కుక్క నడుము దగ్గర, రెండు వెన్నుపూసల నడుమ సూది దింపి కొకైన్ ద్రావణం ఎక్కించాడు. ఐదు నిమిషాలకల్లా దాని వెనక కాళ్లు తడబడ్డాయి, ఆపైన స్పర్శ పోయింది. ముందు కాళ్లు మాత్రం ఎప్పటిలాగే ఉన్నాయి. అదే ప్రయోగం తర్వాత ఒక మనిషి మీద చేసి, శస్త్రచికిత్సల్లో ఇది పనికి రావచ్చునని రాసి ఊరుకున్నాడు. 1898లో జర్మనీలో ఆగస్ట్ బీర్ ఆ పద్ధతిని నిజంగా ఆపరేషన్ బల్ల దగ్గరికి తెచ్చాడు. ఇవాళ సిజేరియన్‌కు ముందు ఆడవాళ్లను వీపు వంచమని చెప్పి నడుముకిచ్చే ఇంజెక్షన్‌కు వంశవృక్షం గీస్తే మొదట నిలిచేది ఆ కుక్కే. ఈనలేక అవస్థ పడే కుక్కకు ఆ ఇంజెక్షన్ వైద్యంగా అందడానికి మాత్రం మరి కొన్ని తరాలు గడవాల్సి వచ్చింది.

మత్తుమందుల చరిత్రంతా దాదాపు ఇలాగే నడిచింది. పరీక్షలకు కుక్క ముందు, ఉపశమనానికి కుక్క వెనక. 1846 అక్టోబరు 16న బోస్టన్‌లో ఈథర్ మహిమను లోకానికి చూపించిన విలియం మోర్టన్, అంతకు ముందే దాన్ని తన ఇంటి కుక్క మీద పరీక్షించి చూసుకున్నాడు. మరుసటి ఏడాది జనవరిలో ఎడిన్‌బరోలో జేమ్స్ యంగ్ సింప్సన్ కాన్పు నొప్పులకు ఈథర్ వాడాడు. నవంబరుకల్లా క్లోరోఫాం చేతికి వచ్చింది. కాన్పు నొప్పి దేవుడిచ్చిందనీ, దాన్ని తీసేసే హక్కు డాక్టర్లకు లేదనీ కొందరు వాదించారు. 1853 ఏప్రిల్ 7న విక్టోరియా రాణి జాన్ స్నో చేతుల మీదుగా క్లోరోఫాం పీల్చి ఎనిమిదో బిడ్డను కన్నాక ఆ గొంతులు తగ్గాయి. కుక్కల తరఫున అలాంటి వాదమే పుట్టలేదు. అసలు ప్రశ్నే రాని చోట వాదం ఎక్కడిది?

పశువైద్యులు ప్రయత్నించలేదని కాదు. 1847లోనే లండన్‌లో ఎడ్వర్డ్ మేహ్యూ కుక్కలకూ పిల్లులకూ ఈథర్ ఇచ్చి చూశాడు. కానీ మత్తులోకి జారుతున్న కుక్క పెట్టే ఏడుపు ఆయన్ను గందరగోళంలో పడేసింది. అది బాధతో ఏడుస్తున్నదా, మత్తు వల్ల దానికి తెలియకుండా వచ్చే అరుపా? మనిషైతే లేచాక చెబుతాడు. కుక్క చెప్పలేదు. ఈ మందు మీద పెద్ద ఆశలు పెట్టుకోలేమన్న ధోరణిలోనే ఆయన నివేదిక ముగిసింది. ఆయన తీర్పును తప్పు పట్టవచ్చు గానీ, ఆయనకు వచ్చిన అనుమానం చిన్నది కాదు. నోరులేని రోగి నొప్పిని ఎలా కొలవాలన్నదే ఈ కథ పొడుగునా తేలకుండా ఉండిపోయిన చిక్కు.

ఇక్కడ మన హైదరాబాదు కథలోకి వస్తుంది. నేటి ఉస్మానియా ఆసుపత్రికి పూర్వరూపమైన అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి అప్పట్లో రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ చేతిలో ఉండేది. ఆయన ఎడిన్‌బరోలో సర్జన్ జేమ్స్ సైమ్ దగ్గర చదువుకున్నవాడు. క్లోరోఫాం ఇస్తున్నప్పుడు నాడి పట్టుకుని కూర్చోనక్కరలేదు, ఊపిరి చూస్తే చాలన్నది గురువుగారి సూత్రం. లండన్ వైద్యుల్లో చాలామంది దీన్ని ఒప్పుకోలేదు. క్లోరోఫాం గుండెనే నేరుగా ఆపేస్తుందని వాళ్ల భయం. తేల్చుకోవడానికి లారీ 1888లో ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వం ఆసరాతో ఒక కమిషన్ వేశాడు. వీధి కుక్కలను పట్టి తెచ్చి, ప్రాణం పోయేదాకా క్లోరోఫాం ఇచ్చి, ఏది ముందు ఆగుతుందో చూశారు. ప్రతిసారీ ముందు ఊపిరే ఆగిందని నివేదిక. లండన్ వైద్య పత్రిక లాన్సెట్ నమ్మలేదు. అప్పుడు నిజాం వెయ్యి పౌండ్లు ఇచ్చి, ఆ పత్రిక ప్రతినిధినే హైదరాబాదు రప్పించాడు. అలా వచ్చిన లాడర్ బ్రంటన్ ఎదుట 1889 చివర్లో రెండో కమిషన్ నాలుగు వందలకు పైగా జంతువుల మీద ప్రయోగాలు చేసింది. వాటిలో ఎక్కువ కుక్కలే. బ్రంటన్ కూడా లారీ వైపే మొగ్గాడు.

ఆ తీర్పు నిలవలేదు. క్లోరోఫాం మత్తు పలచగా ఉన్నప్పుడు, శరీరంలో అడ్రినలిన్ పెరిగితే గుండె లయ చెదిరి హఠాత్తుగా ఆగిపోతుందని 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లుల మీద చూపించాడు. హైదరాబాదులో మందు మోతాదు ఎక్కువగా ఇచ్చారు కాబట్టి ఆ ప్రమాదం వాళ్ల కంట పడలేదు. ఇంతకీ అన్ని కుక్కలు పోయాక కూడా, కుక్కకు మత్తు ఎలా ఇస్తే మంచిదన్న ప్రశ్న ఆ నివేదికల ఉద్దేశంలోనే లేదు. అక్కడ కుక్క మనిషికి బదులుగా పడుకున్నది, అంతే.

కుక్కను కుక్కగానే రోగిగా చూసినవాళ్లలో ముందుగా చెప్పుకోవలసినవాడు ఫ్రెడరిక్ హాబ్డే. లండన్ రాయల్ వెటర్నరీ కాలేజీలో పని చేసి, తర్వాత దానికే ప్రిన్సిపాల్ అయ్యాడు. కుక్కకు క్లోరోఫాం పడదన్న మూఢనమ్మకాన్ని వరసగా కేసులు చేసి చూపి పోగొట్టాడు. 1915లో జంతువుల మత్తు మీద పుస్తకమే రాశాడు. 1919లో బ్రిటన్ కొన్ని ఆపరేషన్లకు జంతువులకు మత్తు తప్పనిసరి చేస్తూ చట్టం చేసింది. అంతకు ముందే పొట్ట కోసే ఆపరేషన్ కూడా మారింది. 1867 నుంచి లిస్టర్ క్రిమినాశక పద్ధతి, 1882లో మాక్స్ జెంగర్ మొదలుపెట్టిన గర్భసంచి కుట్లు వచ్చేదాకా సిజేరియన్ అంటే ఆడమనిషికైనా చావుతో సమానమే. అడ్డం తిరిగిన కూనను వేళ్లతోనో పట్టకారుతోనో లాగడం, కుదరకపోతే వదిలేయడం, అంతవరకూ కుక్కకు దక్కిన ప్రసూతి వైద్యం అంతే.

ఆపరేషన్ సాధ్యమయ్యాక అసలు ఇరకాటం బయటపడింది. తల్లి మెదడును నిద్రపుచ్చే ఏ మందైనా కొవ్వులో కరగాలి, అణువు చిన్నదిగా ఉండాలి. సరిగ్గా ఆ గుణాలే దాన్ని మాయ దాటించి కూనల్లోకి చేరుస్తాయి. తల్లిని మొద్దుబార్చే మందు కూనలనూ మొద్దుబారుస్తుంది. తల్లి కాలేయం దాన్ని విరిచేస్తుంది, కూన కాలేయానికి ఆ శక్తి ఇంకా రాదు. పైగా నిండు చూలు కుక్కకు ఉబ్బిన గర్భసంచి ఊపిరితిత్తులను కిందనుంచి నెడుతుంది. ఊపిరి కాస్త ఆగినా రక్తంలో ఆక్సిజన్ చప్పున పడిపోతుంది. మామూలు కుక్కకు సరిపోయే మత్తు దానికి ఎక్కువవుతుంది. కత్తి మీద సామంటే ఇదే.

1930ల్లో జె.జి. రైట్ వంటి బ్రిటిష్ పశువైద్యులు పెంటోబార్బిటోన్ అనే మత్తుమందును రక్తనాళంలోకి ఎక్కించే పద్ధతి తెచ్చినప్పుడు కుక్కల శస్త్రచికిత్స ఒక్కసారిగా తేలికైంది. మూతి మీద క్లోరోఫాం గుడ్డ వేసి పెనుగులాడే గొడవ పోయింది. సిజేరియన్‌లో మాత్రం ఆ మందు శాపమైంది. తల్లి గంటల తరబడి లేవదు, కూనలు మెత్తగా వేలాడుతూ బయటికి వస్తాయి, ఊపిరి తీసుకోవు. 1962లో జర్మనీలో తయారైన జైలజీన్ అగ్గువ, వాడటం సులువు, తల్లిని చప్పున పడుకోబెడుతుంది; కూనల గుండె వేగాన్నీ అణచేస్తుంది. ఇలాంటి అనుభవాల మధ్య పశువైద్యుల్లో ఒక అలవాటు పాతుకుపోయింది. కూనలు బయటపడేదాకా తల్లికి ఎంత తక్కువ మందు ఇస్తే అంత మంచిది. భయం న్యాయమైనదే. దాని ఖర్చు మాత్రం తల్లి భరించింది.

ఏ మందు కూనలను చంపుతోంది, ఏది బతికిస్తోంది అన్నది చాలాకాలం ఎవరి అనుభవం వాళ్లదే. లెక్క వేసినవాళ్లు అమెరికాలో పౌలా మూన్, ఆమె సహచరులు. అమెరికా, కెనడాల్లో 109 ఆసుపత్రుల నుంచి 800కు పైగా సిజేరియన్ల వివరాలు సేకరించి 1998లో ప్రచురించారు. ఆపరేషన్‌తో పుట్టిన కూనల్లో పుట్టగానే బతికున్నవి నూటికి 92, రెండు గంటలకు 87, వారానికి 80. తల్లుల్లో చనిపోయినవి నూటికి ఒకటి. 2000లో వచ్చిన రెండో భాగంలో జైలజీన్ గానీ, మెథాక్సీఫ్లూరేన్ అనే పీల్చే మత్తుమందు గానీ వాడిన చోట కూనలకు ముప్పు ఎక్కువని తేలింది. ఆ లెక్కతో జైలజీన్ ఈ పనికి చెల్లదని ప్రపంచమంతటికీ తెలిసింది. ఒక్క విషయం గమనించాలి. ఈ పరిశోధన కొలిచింది ప్రాణాలను. నొప్పికి అందులో గడి లేదు.

ఈ దశలో పెద్ద మేలు చేసిన మందు ప్రొపొఫాల్. దాన్ని కనిపెట్టిన ఇయాన్ గ్లెన్ పశువైద్యుడు కావడం ఈ కథలో నాకు నచ్చే మలుపు. గ్లాస్గోలో పశువులకు మత్తు ఇవ్వడం నేర్పిన ఆయన, 1970ల్లో ఐసీఐ కంపెనీలో చేరి ఈ అణువును ఏరి పట్టుకున్నాడు. మొదట దాన్ని కరిగించడానికి వాడిన క్రెమఫోర్ నూనె ఎలర్జీ తెప్పించడంతో పని ఆగింది. సోయా నూనె కలిపిన పాలలాంటి ద్రావణంగా మార్చాక 1986లో బ్రిటన్‌లో మనుషుల కోసం విడుదలైంది. 2018లో ఆయనకు లాస్కర్ అవార్డు వచ్చింది. శరీరం దాన్ని చాలా వేగంగా వదిలించుకుంటుంది కాబట్టి, కూనలు బయటికి వచ్చేసరికి వాటిలో మిగిలేది కొంచెమే. క్రెమఫోర్ శని మరో మందునూ పట్టింది. అల్ఫాక్సలోన్‌ను ఆ నూనెలో కరిగించి 1970ల్లో పిల్లులకు వాడారు. కుక్కల్లో ఆ నూనె ఒళ్లంతా దద్దుర్లు, రక్తపోటు పడిపోవడం తెచ్చేది. నూనె బదులు సైక్లోడెక్స్‌ట్రిన్‌లో కరిగించాకే అది కుక్కల దాకా రాగలిగింది. ఇవాళ సిజేరియన్‌కు ఈ రెండింటిలో ఏది మేలన్న చర్చ నడుస్తోంది. తేడా ఉంటే కూనల చురుకులోనే, బతుకులో కాదన్నది స్థూలంగా తేలిన సంగతి.

కార్నింగ్ సూది మళ్లీ వచ్చింది. కుక్కకు నడుము ఇంజెక్షన్ ఇచ్చే చోటు చివరి నడుము పూసకూ, దాని వెనక ఉండే త్రికాస్థికీ మధ్యన ఉంటుంది. కుక్కను బోర్లా పడుకోబెట్టి, వెనక కాళ్లను ముందుకు లాగి, కటి ఎముకల రెండు అంచుల మీద బొటనవేలూ నడిమివేలూ ఆనించి, చూపుడువేలితో మధ్యన పల్లం వెదుకుతారు. సూది కొంత దిగాక దాని వెనక కొసన ఒక చుక్క సెలైన్ నిలుపుతారు. పసుపు పచ్చని గట్టి పొరను సూది దాటగానే వేలికి చిన్న పట్టు వదిలినట్టు తెలుస్తుంది, చుక్క లోపలికి పీల్చుకుపోతుంది. అదే సరైన చోటుకు గుర్తు. చూలు కుక్కలో అక్కడి రక్తనాళాలు ఉబ్బి ఖాళీ తగ్గుతుంది కాబట్టి మందు తగ్గించి ఇవ్వాలి. 2004లో బ్రెజిల్ పరిశోధకులు నాలుగు పద్ధతులు పోల్చి చూస్తే, స్పర్శ పోగొట్టే లిడొకైన్, బుపివకైన్‌లు నడుముకు ఇచ్చిన తల్లుల కూనల్లోనే నరాల చురుకు అన్నిటికంటే మెరుగ్గా కనిపించింది. కెటమీన్, మిడజోలం ఇచ్చినవి చివర. నడుము ఇంజెక్షన్ ఒక్కదానితోనే పని కాదు. భయపడిన కుక్క ముందు సగం మెలకువతో పెనుగులాడుతుంది, రక్తపోటు పడిపోవచ్చు. అందుకే చాలాచోట్ల దాన్ని తేలికపాటి మత్తుకు తోడుగా వాడతారు.

కూనల చురుకును కొలిచే పద్ధతి కూడా మనుషుల నుంచే వచ్చింది. వర్జీనియా ఆప్గార్ 1953లో పసిపిల్లలకు ప్రచురించిన మార్కుల పట్టీని, 2009లో ఇటలీలో వెరొనేసీ బృందం కుక్క కూనలకు మలిచింది. గుండె వేగం, ఊపిరి, కదలిక, గిల్లితే స్పందన, చిగుళ్ల రంగు. ఒక్కొక్కదానికి రెండేసి, మొత్తం పది మార్కులు. తల్లికి మార్ఫిన్ జాతి మందు ఇచ్చి ఉంటే, మందకొడిగా ఉన్న కూన నాలుక కింద దానికి విరుగుడైన నలొక్సోన్ ఒక్క చుక్క వేస్తే కాసేపట్లో కదులుతుంది. కూనను గాల్లో ఊపి నోట్లో నీరు కక్కించే పాత పద్ధతి మెదడులో రక్తస్రావం తెస్తుందని ఇప్పుడు వద్దంటున్నారు. తువాలుతో రుద్దడం, పీల్చే బల్బు చాలు.

ఇంత హడావిడి ఇప్పుడు ఎందుకు పెరిగిందంటే, మనిషి తీర్చిదిద్దిన జాతుల వల్ల. 2010లో వచ్చిన ఒక బ్రిటిష్ అధ్యయనంలో బోస్టన్ టెరియర్ ఈతల్లో 92 శాతం, బుల్‌డాగ్‌లో 86, ఫ్రెంచ్ బుల్‌డాగ్‌లో 81 శాతం సిజేరియన్‌తోనే జరిగాయి. పెద్ద తల, ఇరుకు కటి. చప్పిడి ముక్కు వల్ల మత్తులో ఊపిరి అందని ముప్పు అదనం. 2012 నుంచి బ్రిటన్ కెన్నెల్ క్లబ్, అంతకు ముందే రెండు సిజేరియన్లు అయిన కుక్క కూనలను రిజిస్టరు చేయడం మానేసింది.

మరి తల్లి నొప్పి? 1983 నుంచి 1989 వరకూ అమెరికాలోని ఒక పశువైద్య కళాశాల ఆసుపత్రిలో పెద్ద ఆపరేషన్లు అయిన కుక్కలు, పిల్లుల కేసు షీట్లు తిరగేసి 1993లో ప్రచురించిన పరిశీలన ఒకటి ఉంది. 258 కేసుల్లో నొప్పి మందు అందుకున్నవి నూటికి నలభై. అది బోధనాసుపత్రి లెక్క. కొంచెం నొప్పి ఉంటేనే కుక్క కదలక పడుకుంటుంది, కుట్లు తెగవని అప్పట్లో సమర్థించేవారు. పసిపిల్లల సంగతీ ఏమంత మెరుగు కాదు. 1987లో ఆనంద్ బృందం ఆక్స్‌ఫర్డ్‌లో చూపించేదాకా నెలలు నిండని శిశువులకు సరైన నొప్పి మందు లేకుండానే ఆపరేషన్లు జరిగేవి. గ్లాస్గో విశ్వవిద్యాలయం 2001లో కుక్క నొప్పిని నడక, చూపు, మూలుగు, గాయాన్ని ముట్టుకుంటే తిరిగి చూడటం వంటి గుర్తులతో కొలిచే పట్టిక తెచ్చాక మేహ్యూ చిక్కుకు కొంత జవాబు దొరికింది.

బాలింత కుక్క ఆ పట్టికకూ అంత సులువుగా లొంగదు. కుట్ల పక్కనే ఎనిమిది కూనలు పంజాలతో నొక్కుతూ పాలు తాగుతుంటే అది కదలకుండా పడుకునే ఉంటుంది. అది ఊరట వల్లా, ఓర్పు వల్లా అన్నది చూసేవాళ్లకు తెలియదు. ఇప్పుడు చాలామంది కోత వేసే గీత పొడుగునా బుపివకైన్ ఎక్కిస్తున్నారు, ఆఖరి కూన బయటపడగానే తల్లికి మార్ఫిన్ జాతి మందు ఇస్తున్నారు. వాపు తగ్గించే మాత్రల దగ్గర మాత్రం ఆగుతున్నారు. చాలా మందుల డబ్బాల మీద పాలిచ్చే కుక్కకు వాడవద్దని ఉంటుంది. అవి పాలలోకి చేరేది స్వల్పమేననీ, ఆపరేషన్ రోజు ఒక్క డోసుతో ముప్పు లేదనీ ఒక వర్గం. కూన మూత్రపిండాలు ఇంకా పూర్తిగా తయారు కాలేదు కాబట్టి అదీ వద్దని మరో వర్గం. ఈ వాదం ఇంకా తేలలేదు.