గోదావరి డెల్టాలో పేగు పురుగులు, పేగు బాక్టీరియా

గోదావరి డెల్టాలో పేగు పురుగుల చరిత్ర కాలువల చరిత్రతో ముడిపడి ఉంది. ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. బొబ్బర్లంక దగ్గర మొదలయ్యే మధ్య డెల్టా కాలువ లొల్ల లాకుల మీదుగా కోనసీమకు నీరు తెచ్చింది. కరువు భయం తగ్గింది. వరి, కొబ్బరి, అరటి పెరిగాయి. అయితే ఏడాది పొడవునా చెమ్మగా, వెచ్చగా, నీడపట్టున ఉండే నేల పురుగులకూ అనువైనదే. ఏలికపాము, కొరడా పురుగు గుడ్లు అలాంటి మట్టిలోనే ఎదుగుతాయి. కొంకిపురుగు పిల్లలు చెప్పుల్లేని కాళ్ల చర్మం గుండా ఒంట్లోకి చేరతాయి. నీరు నిలిచిన వరిమడిలో అవి ఎక్కువ కాలం బతకవు. గట్లు, తోటల నీడ వాటికి నెలవు. జనం బహిర్భూమికి వెళ్లిందీ అక్కడికే.

తాగునీరు కాలువల నుంచి, వాటితో నింపుకున్న చెరువుల నుంచి వచ్చేది. బురదనీటిలో ఇండుపగింజ అరగదీసి కలిపితే మడ్డి అడుక్కు దిగేది. నీరు తేటపడినా అమీబా తిత్తులు, బాక్టీరియా మాత్రం పూర్తిగా పోయేవి కావు.

కడుపులో పురుగులకు ఆయుర్వేద వైద్యులు వాయువిడంగాలు, మోదుగ గింజలు ఇచ్చేవారు. ఇళ్లలో వాము వాడేవారు. చరక సంహిత ఇరవై రకాల కృములను పేర్కొంటూ సహజ కృములను ఆ లెక్కలో చేర్చలేదు. అవి రోగకారకాలు కావని వ్యాఖ్యాతలు వివరించారు. ఒంట్లో హాని చేయని జీవులూ ఉంటాయన్న ఆలోచన అందులో కనిపిస్తుంది.

వాములో ఉండే థైమాల్‌నే 1909 తర్వాత రాక్‌ఫెల్లర్ వైద్యులు అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో కొంకిపురుగుకు మందుగా వాడారు. 1920ల్లో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ మద్రాసు ప్రెసిడెన్సీలోనూ కొంకిపురుగు నిర్మూలనకు పనిచేసింది. డెల్టా జిల్లాలు అప్పుడు ఆ ప్రెసిడెన్సీలోవే. పురుగు రక్తం పీల్చడం, దానివల్ల వచ్చే రక్తహీనత, మరుగుదొడ్ల అవసరం ఆనాటి వైద్యుల దృష్టిలో ఉన్నాయి. అదే పేగులో కాపురముండే బాక్టీరియాకు ఆ లెక్కలో చోటు లేదు.

పేగు బాక్టీరియా సంగతి తెలిసిరావడంలో ఒక డెల్టా బిడ్డకూ పాత్ర ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు సోదరులిద్దరు ఉష్ణమండల స్ప్రూ వ్యాధితో కొద్ది రోజుల తేడాలో మరణించారు. ఆయనకూ అదే జబ్బు చేసినప్పుడు ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద వైద్యంతో కోలుకున్నారు. స్ప్రూ రోగుల చిన్నపేగులో బాక్టీరియా మితిమీరి పెరుగుతుంది. పేగు గోడ దెబ్బతిని ఫోలిక్ ఆమ్లం, బి12 విటమిన్ ఒంటబట్టవు. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో సుబ్బారావు బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. టెట్రాసైక్లిన్ యాంటీబయాటిక్‌లలో మొదటిదైన, బెంజమిన్ డగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్ 1948లో అక్కడి నుంచే వెలువడింది. ఫోలిక్ ఆమ్లం, టెట్రాసైక్లిన్ కలిపి ఇవ్వడమే నేటికీ స్ప్రూకు వైద్యం.

అమీబా వల్ల వచ్చే జిగట విరేచనాలకూ టెట్రాసైక్లిన్లు పనిచేశాయి. అవి అమీబాను నేరుగా చంపడం తక్కువ. అది తిని బతికే పేగు బాక్టీరియాను తగ్గించడం ఎక్కువ. పరాన్నజీవి బతుకు బాక్టీరియా మీద ఆధారపడి ఉందనడానికి అది ఒక సూచన.

పురుగుల విషయంలోనూ అంతేనని 2010లో మాంచెస్టర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపారు. ఎలుకల్లో ఉండే కొరడా పురుగు గుడ్డు కొనలకు ఈ.కోలై వంటి బాక్టీరియా అంటుకుంటే పిల్ల బయటికి వస్తుంది. యాంటీబయాటిక్‌తో పేగు బాక్టీరియాను తగ్గించిన ఎలుకల్లో పురుగులు తక్కువగా నిలిచాయి. పురుగులు కూడా బాక్టీరియాను మారుస్తాయి. పురుగును బయటికి నెట్టడానికి శరీరం పేగులో జిగురు ఎక్కువగా స్రవిస్తుంది. పేగువాపుకు దారితీసే జన్యులోపమున్న ఎలుకల్లో ఆ మార్పు వల్ల క్లాస్ట్రిడియేల్స్ వర్గం పెరిగి, వాపుకు తోడ్పడే బాక్టీరాయిడీస్ వల్గేటస్ తగ్గిందని 2016లో వెలువడిన పరిశోధన తెలిపింది. మలేసియాలోని ఒరాంగ్ అస్లీ ప్రజలకు పురుగుల మందు ఇచ్చాక క్లాస్ట్రిడియేల్స్ తగ్గాయని కూడా అందులో తేలింది.

ఇంతమాత్రాన పురుగులను కడుపులో ఉండనివ్వాలని కాదు. కొంకిపురుగు వల్ల గర్భిణులకు, పిల్లలకు కలిగే రక్తహీనత తీవ్రమైనది. 2015లో మొదలైన జాతీయ నులిపురుగుల నిర్మూలన దినం రోజున బడుల్లో, అంగన్‌వాడీల్లో 1 నుంచి 19 ఏళ్ల వారికి ఆల్బెండజోల్ ఇస్తారు. ఆ మాత్ర ఒంట్లోని పురుగులను చాలావరకు పోగొడుతుంది. మట్టిలోని గుడ్లను ఏమీ చేయలేదు. ఏలికపాము గుడ్డు, అమీబా తిత్తి, విరేచనాల బాక్టీరియా మూడూ మలం నుంచి నోటికి చేరేవే. కొంకిపురుగు మలం కలిసిన మట్టి నుంచి కాళ్లకు చేరుతుంది. అందుకే ఇంటింటా మరుగుదొడ్డి, శుద్ధిచేసిన తాగునీరు, కాళ్లకు చెప్పులు ఉన్నచోటే మాత్రతో వచ్చిన మేలు నిలుస్తుంది.