కంప్యూటర్ల తరాల నామకరణం

కంప్యూటర్లకు, వాటిలోని ప్రాసెసర్లకు తయారీదారులు అక్షరాలను, అంకెలను కలిపి పేర్లు పెడతారు. ఈ అంకెలు కొన్నిచోట్ల యంత్రపు తరాన్ని, కొన్నిచోట్ల బిట్ల సంఖ్యను, మరికొన్నిచోట్ల కేవలం విడుదలైన సంవత్సరాన్ని సూచిస్తాయి. హైదరాబాదులో తయారైన టీడీసీ శ్రేణి, అమెరికా సంస్థలైన ఇంటెల్, ఎ.ఎం.డి.ల ప్రాసెసర్లు ఇందుకు ఉదాహరణలు.

పేరులోని అంకె

పేరులో అంకె ఉంచడం కంప్యూటర్లకే పరిమితం కాదు. రాయలసీమ రైతులకు పరిచితమైన కదిరి-6, కదిరి-9 వేరుశనగ రకాలలో అంకె వరుసను తెలుపుతుంది. కానీ కదిరి లేపాక్షిగా పేరొందిన కదిరి-1812 ఆ వరుసలో 1812వ రకం కాదు. అంకె దేనిని సూచిస్తుందో తెలియకుండా రెండు పేర్లను పోల్చరాదు. కంప్యూటర్లకూ ఇదే వర్తిస్తుంది.

కంప్యూటర్ తరాలు

కంప్యూటర్ల చరిత్రను సాధారణంగా అందులోని విడిభాగాలను బట్టి తరాలుగా విభజిస్తారు. మొదటి తరంలో వాక్యూమ్ ట్యూబులు, రెండవ తరంలో ట్రాన్సిస్టర్లు, మూడవ తరంలో ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్లు, నాల్గవ తరంలో మైక్రోప్రాసెసర్లు వాడారు.

టీడీసీ శ్రేణి

ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా లిమిటెడ్ (ఇ.సి.ఐ.ఎల్.) 1967లో అణుశక్తి శాఖ ఆధ్వర్యంలో హైదరాబాదులో స్థాపించబడింది. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లుకు చెందిన అయ్యగారి సాంబశివరావు (ఎ.ఎస్.రావు) దీని వ్యవస్థాపకుడు. సంస్థ తయారుచేసిన తొలి కంప్యూటర్లకు టీడీసీ, అనగా 'ట్రాంబే డిజిటల్ కంప్యూటర్' అని పేరు. ట్రాంబే అనేది ముంబైలో భాభా అణు పరిశోధనా కేంద్రం ఉన్న ప్రదేశం.

* టీడీసీ-12 (1969): ట్రాన్సిస్టర్లతో నిర్మించిన 12 బిట్ల యంత్రం.
* టీడీసీ-312 (1974): ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్లతో నిర్మించిన 12 బిట్ల యంత్రం.
* టీడీసీ-316 (1975): ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్లతో నిర్మించిన 16 బిట్ల యంత్రం.

పేరులోని చివరి రెండంకెలు యంత్రం ఒక్కసారిగా నిర్వహించే బిట్ల సంఖ్యకు సమానం. 12 బిట్లతో 4,096 వేర్వేరు విలువలను, 16 బిట్లతో 65,536 విలువలను సూచించవచ్చు. తరువాతి రెండు యంత్రాల పేర్లలో ముందున్న 3 మూడవ తరానికి సరిపోతుంది. ఆ విధంగా పేరు చూడగానే యంత్ర నిర్మాణం కొంత తెలుస్తుంది.

ఇవే పేర్లు నాటి వెనుకబాటును కూడా తెలుపుతాయి. అమెరికాలో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ 12 బిట్ల పీడీపీ-8ను 1965లోను, 16 బిట్ల పీడీపీ-11ను 1970లోను విడుదల చేసింది. టీడీసీ-12కు, పీడీపీ-8కు నడుమ నాలుగేళ్ళు, టీడీసీ-316కు, పీడీపీ-11కు నడుమ అయిదేళ్ళు వ్యత్యాసం ఉంది. అయినప్పటికీ ప్రభుత్వ ప్రయోగశాలలు, విశ్వవిద్యాలయాలు స్వదేశీ యంత్రాలపై పనిచేసే అవకాశం వీటివలన కలిగింది.

అంకె నుండి పేరుకు

ఇంటెల్ సంస్థ 1978లో 8086 అనే 16 బిట్ల ప్రాసెసరును విడుదల చేసింది. దాని తరువాత 80286 (1982), 80386 (1985), 80486 (1989) వచ్చాయి. వీటిలో మధ్యనున్న 2, 3, 4 అంకెలు తరాన్ని తెలిపేవి. ఇతర సంస్థలు కూడా తమ ప్రాసెసర్లకు 386 అనే అంకెను వాడగా వివాదం న్యాయస్థానానికి చేరింది. ఆ అంకెపై ఇంటెల్‌కు ప్రత్యేక హక్కు లేదని 1991లో అమెరికా న్యాయస్థానం తీర్పు చెప్పింది. అందువలన అయిదవ తరానికి 586 అని కాక, గ్రీకు భాషలో అయిదు అనే అర్థమున్న 'పెంటా' నుండి 'పెంటియమ్' (1993) అనే పేరు కల్పించారు. అంకెను ఎవరైనా వాడవచ్చు, కల్పించిన పేరు మాత్రం వ్యాపారచిహ్నమవుతుంది.

ఇటీవలి పేర్లు

ఇంటెల్ కోర్ శ్రేణిలోని ఐ3, ఐ5, ఐ7 అనేవి తరాలు కావు, స్థాయిలు మాత్రమే. తరం ఆ తరువాతి సంఖ్యలో ఉంటుంది. ఐ5-8250యు ఎనిమిదవ తరానిది, ఐ5-10210యు పదవ తరానిది. చాలా పేర్లలో చివరి మూడంకెలను తొలగిస్తే మిగిలినది తరం. ఐ5-1035జీ1 వంటివి దీనికి మినహాయింపు. అది కూడా పదవ తరానిదే. పాత తరపు ఐ7 కంటే కొత్త తరపు ఐ5 వేగంగా పనిచేసే సందర్భాలు అనేకం. 2023 చివరి నుండి ఇంటెల్ 'కోర్ అల్ట్రా' అనే కొత్త పేరును ప్రవేశపెట్టింది.

ఎ.ఎం.డి. సంస్థ 2023 ల్యాప్‌టాప్ ప్రాసెసర్లకు అవలంబించిన పద్ధతిలో మొదటి అంకె సంవత్సరాన్ని, మూడవ అంకె నిర్మాణాన్ని తెలుపుతాయి. రైజెన్ 5 7520యు అనే పేరులో 7 అంటే 2023వ సంవత్సరపు శ్రేణి. మూడవ అంకె 2 అంటే 2019లో వెలువడిన జెన్ 2 నిర్మాణం. మొదటి అంకెను మాత్రమే చూసినవారు పాత నిర్మాణాన్ని కొత్తదిగా భావించే ప్రమాదం ఉంది. కాలేజీ చదువుకై ల్యాప్‌టాప్ కొనే విద్యార్థులు పూర్తి సంఖ్యను చూడడం అవసరం. రెండు వేర్వేరు సంస్థల అంకెలను ఒకదానితో ఒకటి పోల్చడం నిష్ప్రయోజనం.

ఇవి కూడా చూడండి

* మైక్రోప్రాసెసరు
* ఇ.సి.ఐ.ఎల్.
* అయ్యగారి సాంబశివరావు