ఏవీ రిసీవర్: టీవీ, డిస్క్ ప్లేయర్లతో అనుసంధానం

ఏవీ రిసీవర్ అంటే డిస్క్ ప్లేయర్, సెట్‌టాప్ బాక్స్, గేమ్ కన్సోల్ వంటి పరికరాల నుంచి బొమ్మనూ ధ్వనినీ అందుకుని, బొమ్మను టీవీకి పంపి, ధ్వనిని అయిదు, ఏడు లేదా అంతకు మించిన స్పీకర్లకు పంచే ఆంప్లిఫయర్. ఏ పరికరం నుంచి తీసుకోవాలో ఎంచడం, కుదించిన డిజిటల్ ధ్వనిని విప్పడం, స్పీకర్లు మోగడానికి కావలసిన శక్తినివ్వడం దీని మూడు పనులు. సౌండ్ రావడం లేదన్న ఫిర్యాదుకు మూలం ఈ మూడింటిలో ఎక్కడైనా ఉండవచ్చు. కానీ యంత్రం పాడవడం కన్నా, రెండు పరికరాల మధ్య పొత్తు కుదరకపోవడమే తరచు అసలు కారణమవుతుంది. సంకేతం ఎక్కడ బయల్దేరి ఏ దారిన ఎక్కడికి చేరుతోందో తెలిసినవారికి కనెక్షన్ ఇవ్వడమూ, లోపం పట్టుకోవడమూ ఒకే పని.

ధ్వని నడిచే దారులు

తోషిబా 1983లో తెచ్చిన ఆప్టికల్ కేబుల్ సీడీ ప్లేయర్ల కోసం పుట్టింది. రెండు చానళ్ల కుదించని పీసీఎం ధ్వని, లేదా కుదించిన 5.1 చానళ్ల డాల్బీ డిజిటల్, డీటీఎస్ మాత్రమే అందులో పడతాయి. డీవీడీకి అది సరిపోయింది. 2006లో బ్లూరే వచ్చాక లెక్క మారింది. బ్లూరేలో మామూలు డాల్బీ డిజిటల్ సెకనుకు 640 కిలోబిట్లు దాటదు. కుదింపులో ఏమీ పోగొట్టని డాల్బీ ట్రూహెచ్‌డీ మాత్రం 18 మెగాబిట్ల దాకా వెళ్లగలదు. దీన్ని మోయడానికి హెచ్‌డీఎంఐ కావాలి. ఆప్టికల్ తగిలిస్తే సౌండ్ ఆగిపోదు. డిస్కులో తోడుగా ఉన్న మామూలు డాల్బీ డిజిటల్ ట్రాకునే ప్లేయర్ పంపుతుంది. సినిమా వినబడుతూనే ఉంటుంది కనుక, తక్కువ నాణ్యత వింటున్నామని ఎవరికీ అనుమానం రాదు. చెవికి చిక్కని ఈ నష్టాన్ని రిసీవర్ ముందుభాగపు డిస్‌ప్లే పట్టిస్తుంది. లోపలికి ఏ రకం ధ్వని వస్తోందో దాని పేరు అక్కడ కనిపిస్తుంది. కేబుల్ సరైనదే అయినా ట్రూహెచ్‌డీ పేరు రాకపోతే ప్లేయర్ మెనూ చూడాలి. డిజిటల్ ఔట్ 'బిట్‌స్ట్రీమ్'లో ఉండాలి, 'సెకండరీ ఆడియో' ఆఫ్‌లో ఉండాలి. అది ఆన్‌లో ఉంటే మెనూ చప్పుళ్లు, వ్యాఖ్యానం కలపడానికి ప్లేయర్ అసలు ట్రాకును విప్పి, మళ్లీ కుదించి పంపుతుంది.

కూడలి రిసీవరా, టీవీయా

ట్రూహెచ్‌డీకి హెచ్‌డీఎంఐ దారే కావాలి కనుక డిస్క్ ప్లేయర్‌ను నేరుగా రిసీవర్‌కు, రిసీవర్ హెచ్‌డీఎంఐ ఔట్‌ను టీవీకి కలపడం మేలైన పద్ధతి. దీనికి గట్టి ఆక్షేపణ ఒకటుంది. టీవీలో నడిచే యాప్‌ల ధ్వని ఎలాగూ టీవీ నుంచే వెనక్కి రావాలి కదా, అన్నీ టీవీకే తగిలిస్తే ఒక్క తీగతో పోదా అని. 2009లో హెచ్‌డీఎంఐ 1.4తో వచ్చిన ఏఆర్‌సీ ఆ వెనుదారే. కానీ దాని సామర్థ్యం ఇంచుమించు ఆప్టికల్‌కు ఉన్నంతే. 2017లో హెచ్‌డీఎంఐ 2.1తో వచ్చిన ఈఏఆర్‌సీ దాన్ని 37 మెగాబిట్లకు పెంచింది కాబట్టి సామర్థ్యం దృష్ట్యా ఆక్షేపణ న్యాయమైనదే. అయినా టీవీ నడుమ చేరితే ధ్వని మరో మధ్యవర్తి చేతుల్లోంచి పోవాలి. కొన్ని టీవీలు డీటీఎస్‌ను ముందుకు పంపవు. కొన్ని తమ హెచ్‌డీఎంఐ సాకెట్లలోకి వచ్చిన 5.1 ధ్వనిని రెండు చానళ్లకు కుదించి వదులుతాయి. యాప్‌ల విషయం వేరు. వాటిలో వచ్చే డాల్బీ అట్మాస్ ధ్వని సాధారణంగా డాల్బీ డిజిటల్ ప్లస్‌లో ఇమిడి ఉంటుంది కనుక ఏఆర్‌సీ కూడా దాన్ని మోయగలదు.

రిసీవర్ పాతదైతే వాదన తిరగబడుతుంది. 4కే బ్లూరే డిస్కు పూర్తి బొమ్మ ఇవ్వాలంటే దారిలోని ప్రతి పరికరానికీ హెచ్‌డీసీపీ 2.2 అనే కాపీ రక్షణ పద్ధతి తెలిసి ఉండాలి. తెలియని రిసీవర్ నడుమ ఉంటే తెర నల్లబడుతుంది, లేదా బొమ్మ తక్కువ స్థాయికి దిగుతుంది. కొన్ని ప్లేయర్లలో ఇందుకే రెండు హెచ్‌డీఎంఐ ఔట్‌లు ఉంటాయి. ఒకటి బొమ్మకు టీవీలోకి, రెండోది ధ్వనికి మాత్రమే రిసీవర్‌లోకి. 4కేలో సెకనుకు 120 ఫ్రేములు ఇచ్చే గేమ్ కన్సోల్‌ను కూడా పాత రిసీవర్ దాటించలేదు. దాన్ని టీవీకి తగిలించి ధ్వనిని ఈఏఆర్‌సీ దారిన తెచ్చుకోవాలి. కాబట్టి నియమం రిసీవర్‌ను ఎప్పుడూ నడుమ పెట్టమని కాదు. సంకేతాన్ని తగ్గించకుండా దాటించగల పరికరమే కూడలిగా ఉండాలి.

లోపం పట్టుకునే క్రమం

దారిని సగానికి విడగొట్టి చూడటం అన్నిటికన్నా తొందరగా తేలే పద్ధతి. రిసీవర్ తనలో తానే పుట్టించే టెస్ట్ టోన్ అన్ని స్పీకర్లలోనూ మోగితే ఆంప్లిఫయర్, స్పీకర్లు, వాటి వైర్లు బాగున్నట్టే. లోపం రిసీవర్‌లోకి సంకేతం వచ్చే వైపు ఉంది. మోగకపోతే ప్లేయర్‌ను తిట్టుకోనక్కర్లేదు. ఒక్క స్పీకరే మూగబోతే దాని వైరును మరో స్పీకర్ టెర్మినల్‌కు మార్చి చూడాలి. రిసీవర్ ఆన్ అయిన వెంటనే ఆరిపోతుంటే, విడిపోయిన రాగి పోగు ఎర్ర, నల్ల టెర్మినళ్లకు రెండింటికీ తగులుతోందేమో చూడాలి. వైర్లను ముట్టుకునే ముందు ప్లగ్ తీసేయడం తప్పనిసరి.

టీవీ ధ్వని మాత్రమే రాకపోతే మూడు చోట్ల చూస్తే చాలు. కేబుల్ రెండు వైపులా ఏఆర్‌సీ అని రాసిన సాకెట్లలోనే ఉండాలి. టీవీలోనూ రిసీవర్‌లోనూ హెచ్‌డీఎంఐ తీగ మీద పరికరాలు ఒకదాన్నొకటి నియంత్రించుకునే సీఈసీ ఆన్‌లో ఉండాలి. దీన్ని శాంసంగ్ ఎనీనెట్ ప్లస్ అనీ, ఎల్‌జీ సింప్‌లింక్ అనీ, సోనీ బ్రావియా సింక్ అనీ పిలుస్తాయి. చివరగా, టీవీ సౌండ్ ఔట్ బయటి స్పీకర్లకు మార్చి ఉండాలి. ఇవన్నీ సరిగా ఉన్నా పలకకపోతే అన్నిటికీ కరెంటు తీసి, కొన్ని నిమిషాలాగి, టీవీ, రిసీవర్, ప్లేయర్ వరుసలో ఆన్ చేయాలి. అప్పుడు హెచ్‌డీఎంఐ పరికరాలు ఒకదాని సామర్థ్యాన్ని మరొకటి కొత్తగా అడిగి తెలుసుకుంటాయి.

ఇంత ఓపిక దేనికి, అన్నీ ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే పోదా అనవచ్చు. పోవచ్చు. కానీ స్పీకర్ల దూరాలు, స్థాయిల కొలతలు కూడా దానితోపాటే పోతాయి. పైగా కారణం తెలియదు కనుక అదే లోపం మళ్లీ వస్తే మళ్లీ మొదటికే. ఒకసారికి ఒక్కటే మార్చి చూసేవారికి ఏది మారితే బాగైందో తెలుస్తుంది.

లోపంలా కనిపించేవి

రెండు చానళ్ల వార్తా ప్రసారానికో, పాత తెలుగు సినిమా డీవీడీకో స్టీరియో మోడ్‌లో వెనక స్పీకర్లు పలకకపోవడం లోపం కాదు, అక్కడ పలికించడానికి వేరే ట్రాకు లేదు. పెదవుల కదలికకు మాట ముందొస్తే, బొమ్మను మెరుగుపరచడానికి టీవీ సమయం తీసుకుంటోందని అర్థం. రిసీవర్‌లో ఆడియో డిలేను కొన్ని మిల్లీసెకన్లు పెంచితే సరిపోతుంది. మాట వెనకబడితే మాత్రం డిలే పెంచితే ఇంకా చెడుతుంది. ఉన్న డిలేను తగ్గించాలి, టీవీ ఆడియో సెట్టింగ్‌ను పాస్ త్రూకు మార్చాలి. ఎడతెగని 50 హెర్ట్జ్ గుయ్‌మనే శబ్దం వస్తుంటే కేబుల్ టీవీ లేదా డీటీహెచ్ తీగను ఊడదీసి చూడాలి. శబ్దం ఆగితే ఆ తీగ దారిన, ఎర్తింగ్ తేడాల వల్ల వస్తోందని తేలుతుంది. దాన్ని ఆపడానికి త్రీపిన్ ప్లగ్‌లోని ఎర్త్ తీసేయడం ప్రమాదకరం. ఇలా దారి మొత్తం పరీక్షించాక, తీగా స్పీకరూ మార్చి చూసినా టెస్ట్ టోన్ మోగకపోతేనే రిసీవర్‌ను మరమ్మతుకు పంపడంలో అర్థం ఉంటుంది.