పేరు పిలవని వాళ్ల జీతం

1952లో డిక్ లేన్ అనే నల్లజాతి యువకుడు విమానాల ఫ్యాక్టరీలో పనితో విసుగెత్తి, చంకలో ఓ పాత ఆల్బమ్ పెట్టుకుని లాస్ ఏంజెలెస్ రామ్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ఆఫీసులోకి అడుగుపెట్టాడు. అందులో తన ఆట గురించి వచ్చిన పేపర్ కత్తిరింపులున్నాయి. జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్ ఆ ఏడాది 30 రౌండ్లు సాగింది, 360 మందిని ఎంచుకున్నారు. వాళ్లలో లేన్ లేడు. రామ్స్ వాళ్లు చూద్దాంలే అని తీసుకున్నారు. ఆ సీజన్ 12 మ్యాచ్‌లలో అతను ప్రత్యర్థుల పాస్‌లు 14 ఒడిసిపట్టాడు. సీజన్ 17 మ్యాచ్‌లకు పెరిగినా ఆ రికార్డును ఇప్పటికీ ఎవరూ దాటలేదు.

అమెరికన్ ఫుట్‌బాల్ డ్రాఫ్ట్ 1936లో మొదలైంది. ఐపీఎల్ వేలంలా డబ్బు పాట ఉండదు. నిరుడు అట్టడుగున నిలిచిన జట్టుది మొదటి వంతు. ఇప్పుడు ఏడు రౌండ్లే. అవి ముగిసిన నిమిషం నుంచి మిగిలినవాళ్ల ఫోన్లు మోగుతాయి. జట్టును తామే ఎంచుకునే స్వేచ్ఛ వీళ్లకే ఉంది.

మరి డబ్బో? ఒప్పందం మూడేళ్లది. 2025లో కొత్త ఆటగాడి కనీస జీతం 8.4 లక్షల డాలర్లు. ఏడో రౌండ్‌లో ఎంపికైనవాడిదీ అంతే, తేడా అంతా సంతకం బోనస్‌లోనే. అయితే ఆ జీతం సీజన్‌లో వారం వారం 18 వాయిదాల్లో వస్తుంది. శిబిరంలో 90 మంది ఉంటే చివరికి మిగిలేది 53 మంది. తీసేస్తే హామీ లేని జీతం రాదు, బోనస్ మాత్రం దక్కుతుంది. అదృష్టం బాగుంటే ప్రాక్టీస్ స్క్వాడ్‌లో చోటు, 2025లో దానికి వారానికి 13,000 డాలర్లు. 2003లో డ్రాఫ్ట్‌లో ఎంపిక కాని టోనీ రోమోకు డల్లాస్ జట్టు ఇచ్చిన బోనస్ 10,000 డాలర్లు. తర్వాత అతను ఏళ్ల తరబడి ఆ జట్టు క్వార్టర్‌బ్యాక్!

కర్ట్ వార్నర్‌ది ఇంకో దారి. 1994లో గ్రీన్ బే శిబిరం నుంచి పంపించేశాక, అయోవాలో ఓ కిరాణా స్టోర్‌లో గంటకు 5.50 డాలర్లకు రాత్రిళ్లు అరలు సర్దాడు. 2000 జనవరిలో రామ్స్‌ను లీగ్ ఫైనల్ అయిన సూపర్‌బౌల్‌లో గెలిపించాడు. ఆ ఏడాదే 4.6 కోట్ల డాలర్లు దాటిన ఒప్పందం చేతికొచ్చింది. ఇలాంటి కథలే చెప్పుకుంటాం, ఆగస్టులో సంచి సర్దుకుని ఇంటికెళ్లినవాళ్లను ఎవరు తలుచుకుంటారు?

2011లో కుదిరిన లీగ్ స్థాయి ఒప్పందం ఈ సంతకం బోనస్‌లకూ కళ్లెం వేసింది. ఒక్కో జట్టు డ్రాఫ్ట్‌లో ఎంపిక కాని కొత్తవాళ్లందరికీ కలిపి ఇంతకు మించి ఇవ్వకూడదని పరిమితి పెట్టింది. గట్టిగా కావాలనుకున్న కుర్రాడికి జట్లు జీతంలో కొంత భాగానికి హామీ ఇచ్చి ఆ కట్టడిని దాటుతున్నాయి. ఆ ఒప్పందం కుదుర్చుకున్నది జట్ల యజమానులూ, అప్పటికే లీగ్‌లో ఉన్న ఆటగాళ్ల సంఘమూ. రాబోయే కుర్రాళ్లకు అక్కడ ఓటు లేదు. కోత మాత్రం వాళ్ల మీదే పడింది.